శ్రవ్యంలో దృశ్యం

భారతీయ ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమనీ, శ్రవ్యమనీ రెండు విధాలుగా విభజించారు. నాటకం దృశ్యం, చదివి వినిపించేది శ్రవ్యం. ఈ రెంటికీ మధ్య రాకపోకలు ప్రాచీన కాలం నుంచే ఉన్నాయి. కురుక్షేత్ర సంగ్రామం కంటితో చూడవలసిన దృశ్యం. ధృతరాష్ట్రుడికి మాత్రం అది సంజయుడి నోట వినవలసిన వృత్తాంతమైంది. భగవద్గీత ప్రారంభమయ్యేది శ్రీకృష్ణుడి ఉపదేశంతో కాదు. చూపులేని రాజు, చూసినవాణ్ణి అడిగిన ప్రశ్నతో. చూడలేనివాడు అడిగి తెలుసుకోవాలి. చూసినవాడు దాన్ని మాటల్లోకి మార్చి చెప్పాలి.

ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో రేడియోకూ టెలివిజన్‌కూ నడుమ ఇటువంటి సంబంధమే ఒకటి ఏర్పడింది. టెలివిజన్ వచ్చిన తరువాత రేడియో కాలం చెల్లిందని భావించినవారు ఎందరో ఉన్నారు. కానీ టెలివిజన్ ధారావాహికల వెనుక రచయితలున్నారనీ, కవినీ నవలాకారుణ్ణీ ప్రశ్నించినట్లే వారినీ కూర్చోబెట్టి ప్రశ్నించవచ్చుననీ అమెరికా ప్రజలకు తెలియజెప్పడంలో బొమ్మ చూపలేని ఆ రేడియో పాత్రే ఎక్కువ.

టెలివిజన్‌కు మొదట్లో పండితుల మన్నన లేదు. 1961 మే 9న అమెరికా ప్రసారాల నియంత్రణ సంఘం అధ్యక్షుడు న్యూటన్ మినో, ప్రసార సంస్థల ప్రతినిధుల సభలో మాట్లాడుతూ ఆనాటి టెలివిజన్‌ను విశాలమైన బీడుభూమితో పోల్చారు. ఆ పోలిక దశాబ్దాలపాటు దాన్ని వెన్నాడింది. సినిమా అనగానే దర్శకుడి పేరు, నవల అనగానే రచయిత పేరు జ్ఞాపకం వస్తాయి. టెలివిజన్ నాటకం చివర మాత్రం పేర్లు తెరపై పరుగెత్తిపోతాయి. ఆ సమయానికి వంటింట్లోకి వెళ్ళినవారు వెళ్ళగా, మిగిలినవారు మరో ఛానల్‌కు మారిపోతారు. లక్షలాది ఇళ్ళలో ప్రతివారం ప్రవేశించే కథను ఎవరు రాస్తున్నారో ఎవరూ అడగరు. అడగకపోతే ఆ రాసినవారు దేనికీ జవాబు చెప్పవలసిన అవసరమూ ఉండదు.

ఈ పరిస్థితిని కొంత మార్చిన ప్రజా రేడియో పుట్టుక కూడా ఒక విచిత్రమే. 1967లో అమెరికాలో ప్రజా ప్రసారాల చట్టం వచ్చింది. దానికి పునాది వేసిన కార్నెగీ సంఘం నివేదిక విద్యా టెలివిజన్‌ను గురించినది. చట్టం ముసాయిదా కూడా మొదట టెలివిజన్‌ను దృష్టిలో ఉంచుకొని తయారైనదే. రేడియో అభిమానుల పట్టుదల వల్ల చివరి దశలో రేడియో అందులో చోటు సంపాదించుకుంది. భారతదేశంలో కథ ఇందుకు తలకిందులు. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో టెలివిజన్ ఆకాశవాణి ఒడిలోనే కళ్ళు తెరిచి, 1976లో గాని దూరదర్శన్ పేరుతో వేరు కాపురం పెట్టలేదు. ఇక్కడ రేడియో తల్లి. అక్కడ అది పిలవని పేరంటానికి వచ్చిన చుట్టం. ఆ చుట్టమే తరువాత ఇంటి పెద్దను నిలదీసి ప్రశ్నలడిగింది.

1970లో నేషనల్ పబ్లిక్ రేడియో ఏర్పడింది. దీనినే ఎన్.పి.ఆర్. అంటారు. దాని ద్వారా దేశమంతటా ప్రసారమయ్యే కార్యక్రమాల్లో 'ఫ్రెష్ ఎయిర్' ఒకటి. ఫిలడెల్ఫియా నగరంలోని డబ్ల్యు.హెచ్.వై.వై. కేంద్రంలో అది స్థానిక కార్యక్రమంగా మొదలైంది. 1975లో టెర్రీ గ్రోస్ అనే యువతి దాని నిర్వహణ బాధ్యత స్వీకరించారు. 1985లో వారానికి అరగంట చొప్పున, 1987 నుంచి ప్రతిదినం గంటసేపు ఆ కార్యక్రమం దేశవ్యాప్తంగా వినిపించసాగింది. రచయితలు, సంగీత విద్వాంసులు, శాస్త్రజ్ఞులు, రాజకీయవేత్తలు అందరూ అందులో అతిథులే. వారితో సమానంగా టెలివిజన్ నాటకాల రూపకర్తలకు కూడా పీట వేయడం దాని విశిష్టత. 2015 సంవత్సరానికి అమెరికా జాతీయ మానవశాస్త్రాల పతకం గ్రోస్‌కు లభించింది. 2023లో టోన్యా మోస్లీ ఆమెతోపాటు సహ నిర్వాహకురాలయ్యారు.

ఇంటర్వ్యూను తెలుగులో ముఖాముఖి అంటారు. గ్రోస్ జరిపిన సంభాషణల్లో అధిక భాగంలో లేనిది ఆ ముఖమే. ఆమె ఫిలడెల్ఫియాలోని స్టూడియోలో కూర్చుంటారు. అతిథి న్యూయార్క్‌లోనో, లాస్ ఏంజిలస్‌లోనో మరొక స్టూడియోలో ఉంటాడు. ఇద్దరి చెవులకూ హెడ్‌ఫోన్లు, ఇద్దరి ఎదుటా మైకులు. ఎదుటివారి కళ్ళు, చేతులు, దుస్తులు, కనుబొమల కదలిక ఏవీ కనిపించవు. ఇది లోపమని తోచవచ్చు. కాని ఈ ఏర్పాటు వల్ల కలిగే మేలు కూడా ఉంది. ఎదురుగా మనిషి ఉంటే మొహమాటం అడ్డు వస్తుంది. కనబడని గొంతుతో మాట్లాడేటప్పుడు మనిషి తనలో తాను మాట్లాడుకుంటున్నట్లు మాట్లాడతాడు. చీకట్లో ఆరుబయట మంచాలు వేసుకొని పడుకున్నవారు పగలు చెప్పని సంగతులు చెప్పుకోవడం వంటిదే ఇది.

ఈ సౌలభ్యానికి తోడు ఆమె పాటించే నియమాలు రెండు పేర్కొనదగినవి. అతిథి రాసిన పుస్తకమో, తీసిన నాటకమో ముందుగా క్షుణ్ణంగా చూసి సిద్ధపడటం మొదటిది. ప్రశ్న మరీ సొంత విషయాల్లోకి వెళ్ళిందనిపిస్తే ఆ మాట చెప్పవచ్చుననీ, అప్పుడు మరో ప్రశ్నకు వెళ్తాననీ అతిథికి ముందే హామీ ఇవ్వడం రెండవది. తలుపు గడియ తన చేతిలోనే ఉందని తెలిసిన మనిషి దాన్ని తెరవడానికి అంతగా జంకడు.

అటువంటి సంభాషణల్లో బయటపడిన విషయాలు టెలివిజన్ నాటకాలను చూసే చూపునే మార్చివేశాయి. నార్మన్ లియర్ ఉదాహరణ చూడదగినది. 1971లో ఆయన 'ఆల్ ఇన్ ద ఫ్యామిలీ' అనే ధారావాహికను ప్రారంభించారు. ఒక బ్రిటిష్ ధారావాహిక దానికి మూలం. అందులోని ఆర్చీ బంకర్ నోటి దురుసుగల తండ్రి. నల్లజాతివారి మీద, వలస వచ్చినవారి మీద, స్త్రీల మీద అతనికి పాత దురభిప్రాయాలెన్నో ఉన్నాయి. జనం అతన్ని చూసి నవ్వారు. కొందరు అతని పక్షం వహించారు కూడా. ఇతడు ఎక్కడి నుంచి వచ్చాడన్న ప్రశ్నకు లియర్ తన తండ్రి నుంచేనని పలు సందర్భాల్లో వివరించారు. తొమ్మిదేళ్ళ వయసులో ఆయన తండ్రి మోసం నేరం మీద జైలుకు వెళ్ళాడు. తల్లి ఇంట్లోని సామాను అమ్మేసింది. అందులో ఎర్ర తోలు కుర్చీ ఒకటి. తండ్రి దానిలో కూర్చొనే ఇంట్లోని రేడియో మీద పెత్తనం చేసేవాడు. ఆర్చీ బంకర్ తన కుర్చీలో కూర్చొని టెలివిజన్ మీద పెత్తనం చేయడం దాని నీడే. నాటకంలో వాడిన ఆ కుర్చీ నేడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది. ఆ కుర్చీని చూడటానికి వెళ్ళేవారికి దాని వెనుక అమ్ముడుపోయిన మరో కుర్చీ కనబడదు. దాన్ని మాట ద్వారానే తెలుసుకోవాలి. లియర్ 2023 డిసెంబరులో 101వ ఏట కన్నుమూశారు.

డేవిడ్ చేజ్ 1999లో మొదలుపెట్టిన 'ద సొప్రానోస్' ఒక నేరస్థుల ముఠా నాయకుని కథ. అందులో నాయకుడు భయపడేది పోలీసులకు కాదు, తల్లికి. కన్నకొడుకు సంతోషాన్ని భరించలేని ఆ లివియా పాత్రకు తన తల్లి స్వభావమే ఆధారమని చేజ్ దాచుకోకుండా చెప్పారు. నేరకథగా కనిపించినది నిజానికి ఇంటికథ అన్న సంగతి దీనితో విశదమవుతుంది.

'ద వైర్' విషయం మరొక తీరు. దాని రూపకర్త డేవిడ్ సైమన్ బాల్టిమోర్ నగరంలో పత్రికా విలేకరి. సహ రూపకర్త ఎడ్ బర్న్స్ అదే నగరంలో హత్య కేసులు పరిశోధించిన పోలీసు డిటెక్టివ్. ఉద్యోగం విరమించాక బడిపంతులయ్యారు. 2002 నుంచి 2008 వరకు ఐదు విడతల్లో 60 భాగాలుగా సాగిన ఆ నాటకం ఒక్కొక్క విడతలో నగరంలోని ఒక్కొక్క వ్యవస్థను తీసుకుంది. మాదకద్రవ్యాల వ్యాపారం, ఓడరేవు, రాజకీయం, పాఠశాల, పత్రిక అనేవి వరుసగా అందులోకి వచ్చాయి. నాలుగో విడతలోని తరగతి గదికి అంతటి నిజాయితీ ఎలా వచ్చిందన్న ప్రశ్నకు బర్న్స్ జీవితమే సమాధానం. సైమన్, బర్న్స్ రేడియోలో మాట్లాడగా విన్నవారికి తెరపై చూసినది కల్పన అన్న ధీమా మిగలదు. ఆ పిల్లలు ఏదో ఒక వీధిలో ఉన్నారన్న స్పృహ కలుగుతుంది.

ఒక్కొక్కప్పుడు మహా గంభీరమైన రచన వెనుక వట్టి పరిహాసం కూడా ఉంటుంది. వృత్తిలో తీరిక ఎక్కువైన ఒక సమయంలో విన్స్ గిలిగన్ తన మిత్రుడూ తోటి రచయితా అయిన థామస్ ష్నాజ్‌తో ఫోనులో మాట్లాడుతున్నారు. ఇక ఏ పని చేసి బతకాలన్న ప్రస్తావన వచ్చింది. బండి ఒకటి కొని, అందులో మాదకద్రవ్యం తయారుచేస్తూ ఊరూరా తిరిగితే సరి అని హాస్యమాడుకున్నారు. ఆ హాస్యం నుంచి 'బ్రేకింగ్ బ్యాడ్' పుట్టింది. 2008 నుంచి 2013 వరకు 62 భాగాల్లో, మెతక స్వభావం గల ఒక రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు క్రమంగా క్రూరుడిగా మారిన వైనాన్ని అది చిత్రించింది. అతని శిష్యుడైన జెస్సీ పాత్రను మొదటి విడతలోనే చంపివేయాలని గిలిగన్ తలపెట్టారు. ఆరన్ పాల్ అనే నటుని నటన చూశాక ఆ ఆలోచన విరమించుకున్నారు. జెస్సీ చివరి వరకూ నిలిచాడు. కథకు అతడే అంతరాత్మ అయ్యాడు. నవలాకారుడు తన పాత్రను తానొక్కడే మలచుకుంటాడు. టెలివిజన్ రచనలో నటుని కంటిచూపు కూడా కథాగమనాన్ని మార్చగలదు. రచయితలందరూ ఒక గదిలో చేరి నెలల తరబడి వాదించుకొని ఒక్కొక్క భాగాన్ని నిర్మిస్తారు. ఈ సమష్టి కృషిని గురించి గిలిగన్ ప్రతి సంభాషణలోనూ చెబుతూ వచ్చారు. కీర్తి తనొక్కడికే దక్కరాదన్న సంకోచం ఆయన గొంతులో వినిపిస్తుంది.

రూపకర్తతో సంభాషణ ఒక ఎత్తు. సమీక్ష మరొక ఎత్తు. ఫ్రెష్ ఎయిర్‌లో ఈ రెండు పనులూ ఒకరే చేయకపోవడం గమనించవలసిన విషయం. 1987 నుంచి టెలివిజన్ విమర్శ బాధ్యతను ప్రధానంగా డేవిడ్ బియాంకుల్లి నిర్వహిస్తూ వచ్చారు. 1975 నుంచి పత్రికల్లో టెలివిజన్ సమీక్షలు రాసిన అనుభవం ఆయనది. న్యూజెర్సీలోని రోవన్ విశ్వవిద్యాలయంలో ఆ విషయాన్నే బోధించారు. పుస్తకపఠనం వలె టెలివిజన్ చూడటం కూడా ఒక అక్షరాస్యతేనని వాదిస్తూ 1992లో ఒక గ్రంథం ప్రచురించారు.

రేడియో సమీక్షకుడి చిక్కులు పత్రికా సమీక్షకుడికి లేవు. పత్రికలో ఒక ఛాయాచిత్రం వేస్తే పాత్రల రూపురేఖలు పాఠకుడికి తెలిసిపోతాయి. రేడియోలో సమీక్షకుడు నాటకంలోని సంభాషణ ముక్క ఒకటి వినిపించదలిస్తే, అంతకు ముందే రెండు మూడు వాక్యాల్లో ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరి గొంతు ఎవరిదో చెప్పాలి. ఎక్కువ చెబితే కథ బయటపడుతుంది. తక్కువ చెబితే శ్రోతకు గందరగోళం. ఆ తరువాత వినిపించే ముక్క తనంతట తాను నిలబడాలి. మాటల్లో బలంలేని నాటకం ఇక్కడే దొరికిపోతుంది. నటీనటుల అందం, అలంకరించిన భవనాలు, కెమెరా విన్యాసాలు తొలగిపోయాక మిగిలినది వట్టి రచన. పొట్టును చెరిగి గింజను చూపించే చేట వంటిది రేడియో.

అయితే దృశ్యం ప్రధానమైన కళకు ఈ చేట అన్యాయం చేసే ప్రమాదమూ లేకపోలేదు. 2007 జూన్ 10న 'ద సొప్రానోస్' చివరి భాగం ప్రసారమైంది. ఒక హోటల్‌లో కుటుంబమంతా భోజనానికి చేరుతూ ఉంటుంది. పాట ఒకటి మోగుతూ ఉంటుంది. తలుపు గంట వినిపించి నాయకుడు తలెత్తుతాడు. అంతలో పాట మధ్యలోనే తెగిపోయి తెర నల్లబడుతుంది. కొన్ని క్షణాలపాటు చీకటి, నిశ్శబ్దం. కేబుల్ కనెక్షన్ పోయిందని చాలామంది ప్రేక్షకులు కంగారుపడ్డారు. ఈ ముగింపును రేడియోలో ఎలా వినిపించాలి? రేడియోలో నిశ్శబ్దం దోషం. శ్రోత కేంద్రం మూతపడిందనుకుంటాడు. సమీక్షకుడు ఆ చీకటిని వర్ణించవలసిందే. ఇటువంటి చోట్ల సంజయుడి పని ఎంత కష్టమో తెలుస్తుంది.

మరొక చిక్కు కూడా ఉంది. టెలివిజన్ రూపకర్తలు సాధారణంగా తమ కొత్త ధారావాహిక మొదలయ్యే రోజుల్లోనే రేడియోకు వస్తారు. శ్రోతకు అది సంభాషణ. నిర్మాణ సంస్థకు ప్రచారం. అడిగేవారు కథాంశాల వద్దనే ఆగిపోతే ఆ కార్యక్రమానికీ వాణిజ్య ప్రకటనకూ భేదం ఉండదు. గట్టిగా అడిగితే అతిథి నొచ్చుకోవచ్చు. 2003 అక్టోబరులో ఫాక్స్ న్యూస్ టెలివిజన్ వ్యాఖ్యాత బిల్ ఓరైలీ ఫ్రెష్ ఎయిర్ సంభాషణను మధ్యలో వదలి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిన తరువాత, ఆయన ముందు ఉంచదలచిన ఒక విమర్శను గ్రోస్ మైకు ముందు చదివారు. ఎన్.పి.ఆర్. నియమించుకున్న శ్రోతల ప్రతినిధి దీన్ని విచారించి, ఖాళీ కుర్చీని ప్రశ్నించడం న్యాయం కాదని తమ సంస్థ కార్యక్రమాన్నే బహిరంగంగా తప్పుపట్టారు. ఆ తీర్పు సబబైనదే. ప్రశ్నించే హక్కుకు ఎదుటివాని సమాధానం వినే బాధ్యత జతగా ఉంటుంది.

టెలివిజన్ రూపకర్తలను ప్రశ్నించడం కేవలం సాహిత్యాభిరుచికి సంబంధించిన వ్యవహారమైతే ఇంత చర్చ అవసరం లేదు. దాని వెనుక మనుషుల గౌరవ మర్యాదలు ఉంటాయని నిరూపించిన ఉదంతం ఒకటి ఉంది. అందులో ప్రధాన వ్యక్తి ఒక తెలుగు కుటుంబానికి చెందినవాడు.

1989 డిసెంబరులో ఆరంభమైన 'ద సింప్సన్స్' అనే కార్టూన్ ధారావాహిక అమెరికాలో అత్యంత ప్రజాదరణ పొందినవాటిలో ఒకటి. అందులో అపూ అనే భారతీయ దుకాణదారు పాత్ర 1990లో ప్రవేశించింది. చాలాకాలం వరకు అమెరికా టెలివిజన్‌లో తరచుగా కనిపించే భారతీయుడు దాదాపు అతడొక్కడే. అతనికి గొంతు ఇచ్చినవాడు భారతీయుడు కాదు. హాంక్ అజేరియా అనే శ్వేతజాతి నటుడు. యాసను సాగదీసి, మెలికలు తిప్పి పలికిన ఆ గొంతు విని దేశమంతా నవ్వింది. బొమ్మ గీసినది ఒకరు, మాటలు రాసినది మరొకరు. కాని బళ్ళలో భారతీయ సంతతి పిల్లలను వెక్కిరించడానికి తోటిపిల్లలు అరువు తెచ్చుకున్నది ఆ గొంతునే.

అలా పెరిగినవారిలో హరి కొండబోలు ఒకరు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన తల్లిదండ్రులకు న్యూయార్క్‌లో పుట్టి, హాస్య ప్రసంగకర్తగా పేరు పొందారు. ఎన్.పి.ఆర్. వారి హాస్య వార్తా కార్యక్రమంలోనూ తరచు పాల్గొన్నారు. 2017 నవంబరులో ఆయన అపూ పాత్రను గురించి ఒక డాక్యుమెంటరీ తీశారు. దక్షిణాసియా సంతతికి చెందిన నటులు పలువురు తమ బాల్యపు అవమానాలను అందులో చెప్పుకొచ్చారు. ఆ చిత్రం పొడుగునా కొండబోలు చేసే ప్రయత్నం ఒక్కటే: హాంక్ అజేరియాను కలుసుకొని నాలుగు ప్రశ్నలు అడగాలి. అజేరియా అంగీకరించలేదు. జరగని ఇంటర్వ్యూయే ఆ చిత్రానికి కథావస్తువయింది.

సింప్సన్స్ బృందం 2018 ఏప్రిల్‌లో తమ ధారావాహికలోనే దీనికి బదులు చెప్పింది. ఒకప్పుడు మెచ్చుకున్నది ఇప్పుడు తప్పయితే ఏం చేయగలం అన్న ధోరణిలో ఒక పాత్ర చేత నిట్టూర్పు విడిపించి ఊరుకుంది. అది జవాబు కాదు, దాటవేత. అజేరియా మాత్రం ఆలోచనలో పడ్డారు. 2020 జనవరిలో ఇకపై ఆ పాత్రకు గొంతు ఇవ్వనని ప్రకటించారు. 2021లో ఇంటర్నెట్ ద్వారా వినిపించే ఒక శ్రవ్య కార్యక్రమంలో భారతీయ సంతతివారికి క్షమాపణ చెప్పారు. దేశంలోని ప్రతి భారతీయుని వద్దకూ స్వయంగా వెళ్ళి క్షమించమని అడగాలనిపిస్తుందన్నది ఆ మాటల సారాంశం.

ఇటు కొండబోలు పడిన కష్టం తక్కువేమీ కాదు. అభిమాన ధారావాహికను పాడుచేశాడని జనం ఆయన మీద విరుచుకుపడ్డారు, బెదిరింపులు వచ్చాయి. అపూను తొలగించాలని ఆయన కోరలేదు. చిన్ననాటి నుంచి ఆయన కూడా సింప్సన్స్ అభిమానే. ఇష్టమైన దానిలోని తప్పును చూపడం ద్వేషం కాదన్న మాట చెవికెక్కించుకున్నవారు తక్కువ.

2023లో ఎన్.పి.ఆర్. వారి 'కోడ్ స్విచ్' అనే శ్రవ్య కార్యక్రమం ఇద్దరినీ ఒకచోట చేర్చింది. ఆరేళ్ళ క్రితం కెమెరా ముందు జరగని సంభాషణ మైకు ముందు జరిగింది. తాను ఎందుకు రాలేకపోయాడో, ఆ తరువాత ఏమి నేర్చుకున్నాడో అజేరియా చెప్పారు. తాను ఏమి పోగొట్టుకున్నాడో కొండబోలు చెప్పారు. కార్యక్రమంలో అపూ బొమ్మ కనబడదు, వారి ముఖాలు కనబడవు. ముప్ఫై ఏళ్ళు ఒక జాతిని నవ్వించి, మరొక జాతి పిల్లలను తలదించుకునేలా చేసిన గొంతు యాస ఏదీ లేకుండా తన సొంత స్వరంతో మాట్లాడింది. ఆ పిల్లల్లో ఒకడు విని, బదులు చెప్పాడు.